మీ ప్రశ్నలకు జవాబులు: రాళ్ల వేటకు పిల్లలతో బయలుదేరే ముందు

ప్రశ్న: మా ఇద్దరు పిల్లలకు రాళ్లు ఏరడమంటే పిచ్చి. లోపల స్ఫటికాలు మెరిసే జియోడ్‌ను ఒక వీడియోలో చూసినప్పటి నుంచి, మా ఇంటి దగ్గరి గుట్టల్లో కనిపించిన ప్రతి గుండ్రటి రాయినీ పగలగొట్టి చూస్తున్నారు. ఒక్కదానిలోనూ ఏమీ లేదు. అసలు ఎక్కడ వెతకాలి? పగలగొట్టకుండానే గుర్తుపట్టే వీలుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పిల్లల ఓపికలో లోపం లేదు, వెతుకుతున్న చోటులోనే ఉంది. హైదరాబాద్ గుట్టలన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అది భూమి లోతుల్లో ఎంతో నెమ్మదిగా చల్లారి గట్టిపడిన రాయి కాబట్టి, జియోడ్‌కు కావలసిన బోలు గదులు అందులో ఏర్పడే అవకాశం లేనట్టే. గుండ్రంగా కనిపించే ఆ గుండ్లు కూడా ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడి, మూలలు అరిగి గుండ్రబడినవే తప్ప లోపల ఖాళీ ఉండి కాదు.

జియోడ్ కావాలంటే నల్లరాయి, అంటే బసాల్ట్, ఉన్న నేలకు వెళ్లాలి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ, మధ్య భారతాన్ని ముంచెత్తిన లావా పొరలు పొరలుగా గట్టిపడి దక్కన్ ట్రాప్స్‌గా మిగిలింది. ఆ పరుపు అంచులు వికారాబాద్, సంగారెడ్డి జిల్లాల పడమటి భాగాల్లోనూ, ఆదిలాబాద్ ప్రాంతంలోనూ తెలంగాణలోకి చొచ్చుకొచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో రాజమహేంద్రవరం పరిసరాల్లో గోదావరికి రెండు వైపులా, కాతేరు, పంగిడి దగ్గర, అదే కాలపు లావా బయటపడి కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా పడమరకు వెళ్తుంటే గ్రానైట్ గుండ్లూ ఎర్ర చెలకలూ వెనకబడి, నల్లరేగడి మొదలవుతుంది. ఆ మార్పును కారు కిటికీలోంచి పిల్లలే కనిపెట్టేలా చేయగలిగితే సగం పాఠం అక్కడే అయిపోతుంది.

లావా చల్లారేటప్పుడు అందులోని వాయువులు బుడగలుగా పైకి లేస్తాయి. పైభాగం ముందే గట్టిపడితే ఆ బుడగలు రాతిలోనే చిక్కుకుపోయి గదులుగా మిగులుతాయి. తర్వాత లక్షల ఏళ్లపాటు సిలికా (పలుగురాయికి మూలమైన ఖనిజ పదార్థం) కరిగిన నీరు ఆ గదుల్లోకి ఊరి, గోడల వెంట ముందు సన్నని చారలుండే అగేట్ అనే రాయిని, ఆపైన మధ్యలో మిగిలిన ఖాళీలోకి కొనలు తిరిగిన పలుగురాతి స్ఫటికాలను పేరుస్తుంది. ఖాళీ మిగిలితే అది జియోడ్, పూర్తిగా పూడిపోతే అగేట్ ఉండ. చుట్టూ ఉన్న బసాల్ట్ మెత్తబడి మట్టి అయిపోయినా సిలికా చెక్కుచెదరదు కాబట్టి, ఈ ఉండలు విడివడి నేలలో మిగిలిపోతాయి.

అందువల్ల బండను తొలవనవసరం లేదు. తొలకరి తర్వాత దున్నిన చేలు, వాగు మలుపుల్లో మేట వేసిన గులకరాళ్లు, కొత్తగా తవ్విన బావి పక్కన పోసిన మట్టి, ఈ మూడు చోట్లా చూడండి. వీటన్నిటికంటే నేను ముందు చూసేది పొలం గట్టు. రైతులు నాగలికి అడ్డం వచ్చిన రాళ్లను ఏళ్ల తరబడి ఏరి గట్టు మీద కుప్ప పోసి ఉంచుతారు. మన పని సగం వాళ్లే చేసి పెట్టారన్నమాట. అయితే ఆ కుప్పకూ యజమాని ఉంటాడు, అడిగే చేయి పెట్టాలి. అడిగితే కాదనే రైతు అరుదు. పైగా ఏ మూలన మెరిసే రాళ్లు పడతాయో ఆయనకే బాగా తెలుసు.

చేతిలోకి తీసుకున్నాక చూడవలసినవి కొన్ని ఉన్నాయి. జియోడ్ పైచర్మం నునుపుగా ఉండదు. కాలీఫ్లవర్ పువ్వులా చిన్న చిన్న బొడిపెలతో, పాలిపోయిన తెలుపులోనో బూడిద రంగులోనో ఉంటుంది, కొన్నిటికి పాచి కాదు గానీ పాచిలాంటి ఆకుపచ్చ పూత అంటుకుని ఉంటుంది. అంతే పరిమాణమున్న నల్లరాయిని రెండో చేతిలో పెట్టుకుని తూచి చూస్తే ఇది తేలిగ్గా తోస్తుంది. స్టీలు చాకుతో గీస్తే గీత పడదు, పైగా చాకు లోహమే రాతి మీద అంటుకుంటుంది. గీత పడితే అది పలుగు జాతి కాదు, అంతకంటే మెత్తని ఖనిజాలైన కాల్సైటో జియోలైటో అయి ఉంటుంది. ఆ గీత దగ్గర రాలిన పొడి మీద నిమ్మరసం చుక్క వేయండి: బుడగలు వస్తే కాల్సైట్.

పిల్లలకు ఒక్క నియమం మాత్రం తప్పనిసరిగా నేర్పండి. నేల మీది రాయిని ఎత్తేటప్పుడు అవతలి అంచును పైకి లేపి తమ వైపుకు వంచాలి. కింద తేలో పామో ఉంటే దానికీ పిల్లవాడికీ మధ్య రాయి అడ్డంగా ఉంటుంది, అది అవతలి వైపుకు పారిపోతుంది. వేళ్లు రాతి కిందికి పోకుండా ఈ పనిని కర్రతో చేయించడం ఇంకా మేలు.

వెళ్లకూడని చోట్లూ ఉన్నాయి. పని జరుగుతున్న క్వారీలో పేలుళ్లు ఉంటాయి, పని ఆగిన క్వారీలో వదులు బండలు ఉంటాయి. పిల్లలతో రెండూ వద్దు. అనంతగిరి వంటి రిజర్వు అడవుల్లో రాయి కూడా అటవీ ఉత్పత్తి కిందే లెక్క, కాబట్టి చూసి రావడమే. విశాఖపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల శిలాతోరణం వంటి జాతీయ భూవారసత్వ స్థలాల నుంచి గులకరాయి కూడా తేకండి.

ప్రశ్న: మా చేలో అరచేయంత ఉండ ఒకటి దొరికింది. తేలిగ్గా ఉంది, ఊపితే లోపల ఏదో కదులుతోంది. దీన్ని ఎలా పగలగొట్టాలి? శుభ్రం చేయడానికి యాసిడ్ వాడవచ్చునా?
– ఒక పాఠకుడు, తాండూరు

జవాబు: కదిలే చప్పుడు వస్తోందంటే లోపల స్ఫటికం ముక్క ఊడి ఉండవచ్చు, ఆశ పెట్టుకోదగ్గదే. సుత్తితో ఒక్క పెట్టున కొడితే మాత్రం నుగ్గు మిగులుతుంది. ఉండ నడుము చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, తడి ఇసుక నింపిన తట్టలో కదలకుండా కూర్చోబెట్టండి. ఉలిని గీత మీద నిలబెట్టి, చిన్న సుత్తితో మెల్లగా ఒక దెబ్బ వేసి, ఉండను కొంచెం తిప్పి మరో దెబ్బ, ఇలా చుట్టూ తిరిగి రావాలి. రెండు మూడు చుట్లయ్యాక దెబ్బ శబ్దం మారుతుంది, కంగుమన్నది బొంగురుపోతుంది. పగులు లోపలిదాకా పాకిందనడానికి అదే గుర్తు. ఇంకా మెల్లగా కొట్టండి. దగ్గరున్న వాళ్లందరి కళ్లకూ రక్షణ అద్దాలు ఉండాలి, ఎందుకంటే పలుగు పెచ్చు గాజుముక్కంత పదును. కట్టర్‌తో కోయించదలిస్తే నీళ్లు పోస్తూనే కోయించండి, పొడి కోతలో లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

యాసిడ్ వద్దు. లోపల ఉన్నది కాల్సైటైతే కరిగిపోతుంది, జియోలైట్లయితే మెరుపు పోతుంది. ఒక రాత్రి సబ్బునీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. ఊదా రంగు స్ఫటికాలు కనిపిస్తే అది అమెథిస్ట్. దాన్ని ఎండ పడే కిటికీలో పెడితే రంగు వెలిసిపోతుంది. రాయి వెనక తెల్ల రంగు చుక్క పెట్టి దాని మీద అంకె వేసి, ఆ అంకెకు ఎదురుగా నోటుపుస్తకంలో చేను, ఊరు, తేదీ రాయించండి. దొరికిన చోటు తెలియని రాయికి సేకరణలో విలువ లేదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: ఎల్లోరా యాత్రలో ముదురు గులాబీ రంగు జియోడ్ కొన్నాము. అసలుదేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రాయి అసలుదే కావచ్చు, రంగు మాత్రం అనుమానమే. తెల్లని జియోడ్‌లకూ అగేట్‌లకూ అద్దకం వేసి అమ్మడం చాలా చోట్ల ఉన్నదే. పగుళ్ల వెంట రంగు చిక్కగా చేరిందేమో భూతద్దంతో చూడండి. గోళ్ల రంగు తుడిచే ద్రావణంలో దూది ముంచి మరుగు భాగాన రుద్దండి, దూదికి రంగు అంటితే అద్దకమే. అంటకపోయినంత మాత్రాన సహజమైనదని చెప్పలేము. ఈసారి అటు వెళ్తే రంగులు చూసి మోసపోకుండా స్టిల్బైట్, అపోఫిలైట్ ముక్కలు అడగండి. పుణె, నాసిక్, జల్గావ్ ప్రాంతాల క్వారీల్లో వచ్చే ఈ ఖనిజాలు ప్రపంచంలోని మ్యూజియంలకు వెళ్లే స్థాయివి. నాసిక్ దగ్గర సిన్నర్‌లోని గర్గోటి మ్యూజియం చూస్తే పిల్లల కన్ను ఇట్టే కుదురుతుంది.

ప్రశ్న: మేము సెయింట్ లూయిస్‌లో ఉంటున్నాము. ఇక్కడ పిల్లలతో వెళ్లదగ్గ చోటుందా?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: మీరు అదృష్టవంతులు. అయోవా, ఇల్లినాయ్, మిస్సోరి రాష్ట్రాలు కలిసే కియోకక్ ప్రాంతం జియోడ్‌లకు ప్రపంచ ప్రసిద్ధం. అయోవా 1967లో జియోడ్‌ను తన రాష్ట్ర శిలగా ప్రకటించింది. అక్కడివి లావాలో పుట్టినవి కావు, 30 కోట్ల ఏళ్లు దాటిన సముద్రపు పూడికలో ఏర్పడినవి, కాబట్టి వాటిని నల్లరాతిలో కాక వాగు ఒడ్డున బయటపడ్డ బురదరాతి పొరల్లో వెతకాలి. రుసుము తీసుకుని తమ భూమిలో తవ్వుకోనిచ్చే యజమానులు అక్కడ ఉన్నారు. నేషనల్ పార్కుల్లో మాత్రం రాయి ఏరడం నిషిద్ధం. వెళ్లే ముందు ఫోన్ చేసి ఆ రోజు తెరిచి ఉంచుతారో లేదో, పనిముట్లు వాళ్లే ఇస్తారో మీరు తీసుకెళ్లాలో కనుక్కోండి.