రిఫండ్ ఫెయిల్ అయింది, ఇప్పుడేం చేయాలి?

బెంగళూరులో ఉద్యోగం, ఆదాయపు పన్ను రిటర్న్ ప్రాసెస్ అయింది, రిఫండ్ మాత్రం ‘ఫెయిల్డ్’ అని చూపిస్తోంది, డబ్బు పోయినట్టేనా అని ఒకరు అడిగారు. పోదు, కంగారు పడకండి. బ్యాంకు ఖాతా దగ్గర ఆగిందంతే.

మన తెలుగువాళ్లకు ఎక్కువగా తగిలే చిక్కు పేరుది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాత పాస్‌బుక్‌లో ‘కె.’ అనో ‘వి.’ అనో ఒక్క అక్షరమే ఉంటుంది. ఆ రెండూ కలవకపోతే ఖాతా వ్యాలిడేట్ కాదు, అంటే అది మీదేనని ధ్రువీకరణ కాదు. ముందు బ్యాంకులో పాన్ ఇచ్చి పేరు సరిచేయించుకోండి. ఇది తేలకుండా మిగతావి ఎన్నిసార్లు చేసినా వృథా.

ఊళ్లో తెరిచిన ఆంధ్రా బ్యాంకు ఖాతానే ఇచ్చారా? అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ (బ్యాంకు శాఖను గుర్తించే కోడ్) ఇప్పుడు చెల్లదు. పాన్, ఆధార్ లింకు కూడా చూసుకోండి. పాన్ ఇనాపరేటివ్‌లో (పనిచేయని స్థితిలో) ఉంటే రిఫండ్ ఇవ్వరు.

అన్నీ సరయ్యాక ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఖాతాను మళ్లీ వ్యాలిడేట్ చేసి, సర్వీసెస్‌లో ‘రిఫండ్ రీఇష్యూ’కి రిక్వెస్ట్ పెట్టి, ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయండి. ఖాతా సరిచేసినంత మాత్రాన డబ్బు దానంతటదే రాదు, ఈ రిక్వెస్ట్ తప్పనిసరి. చాలామంది ఇక్కడే ఆగిపోయి నెలల తరబడి ఎదురుచూస్తుంటారు.