తిరుపతిలో లాన్‌కి నీళ్ళు, ఇంటి ముందు చెట్లు: వాలంటీర్లను పిలవొచ్చా?

తిరుపతిలో కొత్త ఇంటి ముందు లాన్ వేశామని, రోజూ నీళ్ళు పట్టినా ఎండిపోతోందని, చెట్లు కూడా నాటాలని, ఉచితంగా వచ్చి సాయం చేసేవాళ్ళను పిలవొచ్చా అని అడిగారు. తప్పకుండా పిలవండి. నేనూ అలాంటి ఒక చిన్న బృందంతో ఆదివారాలు తిరుగుతుంటాను. మేం గుంట తీసి మొక్క నాటడం ఒక పూటలో అయిపోతుంది. ఆ మొక్కను రెండు ఎండాకాలాలు దాటించాల్సింది మాత్రం ఇంటివాళ్ళే. కాబట్టి మమ్మల్ని పిలిచినప్పుడు నీళ్ళు ఎలా పట్టాలో దగ్గరుండి చూపించమని అడగండి.

మీ లాన్‌కి రోజూ కాసిని నీళ్ళు పట్టడమే సమస్య అయ్యుండొచ్చు. ఎం.ఆర్.పల్లి వైపు ఒక పెద్దాయన రోజూ సాయంత్రం ఎంతో ఓపికగా పైపు పట్టుకుని తడిపేవారు. స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తే పైన అంగుళం తడి, కింద అంతా పొడి మట్టి. తడి ఎక్కడిదాకా ఉంటే గడ్డి వేళ్ళు అక్కడిదాకానే పోతాయి. ఏప్రిల్ ఎండకు ఆ పై పొర గంటల్లో ఆరిపోతుంది. ఆయన చేత పట్టే రోజులు తగ్గించి, పట్టిన రోజు ఆరంగుళాల లోతు తడిసేదాకా పట్టించాం. వేళ్ళు కిందికి దిగడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఒక్కసారిగా మానకుండా మెల్లగా తగ్గించాలి. నడిస్తే గడ్డి తిరిగి లేవకుండా అడుగు అచ్చు అలాగే ఉండిపోతే, అప్పుడు నీళ్ళు కావాలని అర్థం. తెల్లవారుజామున పట్టండి. సాయంత్రం పడితే రాత్రంతా ఆకు తడిగా ఉండి బూజు తెగులు వస్తుంది.

లెక్క కూడా చూసుకోండి. చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు ఎత్తు నీళ్ళంటే ఒక లీటరు. వారానికి అంగుళం, అంటే దాదాపు 25 మిల్లీమీటర్ల నీళ్ళు అనుకున్నా పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న లాన్‌కి దాదాపు 230 లీటర్లు. మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకులో పావు వంతు దానికే పోతుంది. ఎండాకాలంలో అది కూడా చాలదు. అందుకే సగం లాన్ తీసేసి ఆ చోట చెట్టు పెట్టమని నేను ఎవరికైనా చెప్తాను. పడమర వైపు పెడితే మధ్యాహ్నం ఎండ గోడల మీద పడకుండా ఆపుతుంది.

చోటు బాగా ఉంటే కానుగ, వేప. చిన్న చోటైతే పారిజాతం, నిమ్మ, జామ, కరివేపాకు. రావి, మర్రి ప్రహరీ పక్కన వద్దు. పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూసి చోటు ఎంచుకోండి. ఎర్రచందనం మన శేషాచలం చెట్టే, దాని మీద ఇష్టం ఉండటం సహజం. కానీ రేపు కొట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలని తెలిసే నాటండి.

నాటడానికి మంచి కాలం ఏదంటే, వనమహోత్సవం 1950 నుంచీ జులైలో జరుపుతున్నారు కదా అని అందరూ అప్పుడే నాటేస్తారు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. సెప్టెంబరు చివర నాటితే నీళ్ళు మోసే బాధ చాలా తగ్గుతుంది.

గుంట రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. తీసిన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. నర్సరీ కవరు పూర్తిగా కోసి తీసేయండి. కవరుతోనే పాతేసిన మొక్కలు చాలా చోట్ల చూశాను, చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. పాదు చేసి శెనక్కాయ పొట్టో ఎండుటాకులో పరిస్తే తడి నిలుస్తుంది, మొదలుకు మాత్రం ఆనకూడదు. బకెట్‌కి అడుగున చిన్న రంధ్రం పెట్టి నింపి పక్కన ఉంచితే నీళ్ళు నిదానంగా లోతుకు ఇంకుతాయి. బియ్యం కడిగిన నీళ్ళు పోయొచ్చు. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళు రోజూ పోయకండి, ఉప్పు పేరుకుంటుంది.

వాలంటీర్లు వచ్చే రోజు ఇంట్లో నీళ్ళు పట్టేవాళ్ళు కూడా ఉండేలా చూసుకోండి. మార్చిలో ఒకసారి వచ్చి చూస్తారా అని ముందే అడగండి. మీ ఇల్లు ఏ దిక్కు చూస్తుందో, ముందు ఎన్ని అడుగుల చోటుందో రాస్తే ఏ చెట్టు ఎక్కడ పెట్టాలో చెప్తాను.