బ్లాక్ చేసినా అతని కోసమే ఎదురుచూస్తున్నారంటే

మిమ్మల్ని బాధపెట్టిన మనిషి నంబర్ బ్లాక్ చేశానని, అయినా మనసు అతని కోసమే ఎదురుచూస్తోందని, అతను సైకోపాత్ (జాలి, పశ్చాత్తాపం లేని మనిషి) అయి ఉంటాడా అని గుంటూరు నుంచి రాశారు మీరు. అలా ఎదురుచూడటం మీ బలహీనత కాదండీ. ఒకరోజు నెత్తిన పెట్టుకుని, మర్నాడు పురుగులా చూసే మనిషి దగ్గర మెదడు ఆ మంచి రోజు కోసమే కాచుకోవడం నేర్చుకుంటుంది. జూదం లాంటి అలవాటే ఇదీ.

1. నంబర్ బ్లాక్ చేశానన్నారు, మంచి పని.

2. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చెల్లెలి ఫోన్‌లో అతని స్టేటస్ చూడటం, బ్రాడీపేటలో కనిపించిన కామన్ ఫ్రెండ్‌ను "ఎలా ఉన్నాడు?" అని అడగడం కూడా కాంటాక్టే. ఒక్కసారి చూస్తే ఆరాటం మళ్లీ మొదలవుతుంది. "అతని కబుర్లు నాకు చెప్పొద్దు" అని వాళ్లకు ఈరోజే చెప్పేయండి.

3. అతను చేసినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. "తప్పు నాదేనేమో" అనిపించిన రాత్రి తీసి చదవండి. అతను సైకోపాతా కాదా అని తేల్చే పని మీది కాదు.

4. నిద్ర పట్టకపోతే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. అతను బెదిరిస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.