మా వాడు చదివి నేర్చుకునే టైపు కాదంట!

ప్రశ్న: మాది పొదలకూరు దగ్గర పల్లె. నిమ్మతోట ఉంది. మా అబ్బాయి ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి టెన్త్‌లో 486 తెచ్చుకున్నాడు. ఈ ఏడు రొట్టెల పండక్కి పోయి వాడి చదువు కోసం మొక్కుకుని నేను చదువు రొట్టె కూడా పట్టుకున్నాను. నెల్లూరులో హాస్టల్ ఉన్న కాలేజీలో ఎంపీసీలో వేశాం. రెండో నెల నుంచే వెనకబడ్డాడు. కెమిస్ట్రీలో అయితే పాస్ మార్కు దరిదాపుల్లోకి కూడా రావడం లేదు. "చదివేటప్పుడు వస్తుంది మా, పేపర్ ముందు కూర్చుంటే పోతుంది" అంటాడు. ఎవరో చెబితే, వేలిముద్రలు చూసి పిల్లల తెలివి ఏ రకమో చెప్పే చోటికి తీసుకెళ్లాను. ఐదు వేలు తీసుకుని, మీవాడు చేతులతో చేసి నేర్చుకునే రకం, చదివి నేర్చుకునే రకం కాదని రిపోర్టు ఇచ్చారు. తోటలో కాయలు వేరు చేయడంలో వాడు నిజంగానే దిట్ట, అందుకని నమ్మాను. ఇప్పుడు పుస్తకం తీయమంటే ఆ రిపోర్టు చూపిస్తున్నాడు. వాళ్ల నాన్నేమో ఫోన్లో కూడా "ఏరా మొద్దూ" అనే పిలుస్తారు. మొన్న సెలవులకొచ్చి "నేను వేస్ట్ మా" అన్నాడు. వీడియో పాఠాలు కొనాలా, కాలేజీ మార్చాలా? ఐదు వేల సంగతి మా ఆయనకు ఇంకా చెప్పలేదు.

జవాబు: అమ్మా, ఆ రిపోర్టు కాసేపు పక్కన పెట్టి, వాడి టెన్త్ సైన్స్ పుస్తకం ఇంట్లో ఉంటే బయటికి తీయండి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. మీవాడు ఏ పక్క చదివి 486 తెచ్చుకున్నాడో అడగండి. మన పల్లెల్లో చాలామంది పిల్లలు తెలుగు పేజీ చదివి, ఇంగ్లీషు పేజీలో జవాబును బట్టీ పట్టి గట్టెక్కుతారు. ఇప్పుడు చేతిలో ఉన్న ఇంటర్ పుస్తకానికి ఎదురు పేజీ లేదు. క్షారం అంటే తెలిసిన పిల్లవాడి ముందు లెక్చరర్ 'బేస్' అని గబగబా చెప్పుకుపోతుంటే, అది తనకు తెలిసిందేనని కూడా వాడికి తట్టదు. అడుగుదామంటే క్లాసు నిండా పిల్లలు, నవ్వుతారని భయం. ఇలా రెండు నెలలు గడిస్తే ఎంత తెలివైనవాడైనా వెనకబడతాడు.

ఇది నా ఊహే. సరిచూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఈసారి ఇంటికొచ్చినప్పుడు కెమిస్ట్రీలో ఒక్క పేరా చదివి, పుస్తకం మూసి, మీకు తెలుగులో చెప్పమనండి. మీకు కెమిస్ట్రీ రాదు కదా అని వెనక్కి తగ్గొద్దు, రాకపోవడమే మంచిది. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు వాడికి అర్థం కావాలి. మాటల దగ్గరే తడబడితే ఇబ్బంది భాషది. ఒక నోట్సులో ఎడమ పక్క తెలుగు మాట, కుడి పక్క ఇంగ్లీషు మాట రోజుకు పది చొప్పున రాసుకుంటూ పోతే నెలలో తేడా కనిపిస్తుంది. తెలుగులో బాగానే చెప్పి పేపర్ మీద పెట్టలేకపోతే, వాడికి కావలసింది రాసే అలవాటు.

ఇక ఆ వేలిముద్రలు. అవి బిడ్డ మీ కడుపులో ఉండగానే ఏర్పడ్డాయి. కెమిస్ట్రీ ఎలా చదవాలో వాటిలో రాసి ఉండదు. ఆ పరీక్షకు శాస్త్రం ఆధారం లేదు. రిపోర్టులో రాసిన 'రకాల' మాట మాత్రం వేరే చోటి నుంచి వచ్చింది. 1992లో న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ అనే ఆయన చూసి, విని, చదివి-రాసి, చేసి నేర్చుకోవడం అని నాలుగు ఇష్టాలను చెప్పారు. ఇష్టాలు ఉంటాయి, కాదనను. కానీ ఆ రకానికి తగ్గట్టు పాఠం చెబితే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారా అని 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వెతికి చూస్తే, సరైన రుజువు దొరకలేదు. అందుకే వీడియో పాఠాలకు ఇప్పుడే డబ్బు పోయొద్దంటున్నాను.

మరి నిమ్మకాయల సంగతేమిటంటారా? వాడు ఆ పని ఎలా నేర్చుకున్నాడో ఒకసారి గుర్తు చేసుకోండి. పచ్చికాయల్లో ఒక పండుకాయ వేస్తే పక్కనున్నవాళ్లు అక్కడికక్కడే దాన్ని తీసి చూపించి ఉంటారు. మళ్లీ వేశాడు, మళ్లీ తీశారు. ఒక్కో కాయా వాడికి ఒక చిన్న పరీక్షే, జవాబు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. వాడు నేర్చుకున్నది చేతులు ఆడించడం వల్ల కాదమ్మా, తప్పు చేసి వెంటనే దిద్దుకోవడం వల్ల. కెమిస్ట్రీలో మాత్రం పేజీని నాలుగుసార్లు కళ్లతో తిప్పి, వచ్చేసిందనుకుని లేస్తున్నాడు. (నవ్వకండి, నా ఇంటర్ పుస్తకాల్లో పెన్నుతో గీత పడని లైను ఉండేది కాదు. మార్కులు మాత్రం అంతంత మాత్రం.)

"చదివేటప్పుడు వస్తుంది" అని వాడు చెప్పేది అబద్ధం కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లలకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని 4 విడతలు చదివారు. కొందరు ఒక్క విడత చదివి, తర్వాత 3 సార్లు చూడకుండా గుర్తున్నంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే 4 విడతలు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే వాళ్లకు గుర్తున్నది 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం. మీవాడి హాస్టల్లో స్టడీ అవర్స్ అన్నీ ఆ ఐదు నిమిషాల ధీమాతోనే గడిచిపోతున్నాయి. పాఠం ఒకసారి చదవడం, పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయడం, తెరిచి తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దుకోవడం, రెండు రోజులాగి మళ్లీ రాయడం. ఇలా చేయమనండి. మొదటి వారం కాగితం సగం ఖాళీగా ఉంటుంది, వాడికి చిరాకొస్తుంది. కాయలు ఏరడం కూడా మొదటిరోజే రాలేదని అప్పుడు చెప్పండి.

వాళ్ల నాన్నగారితో మాట్లాడాల్సింది ఉంది. ఆయన మొద్దు అన్నారు, రిపోర్టు 'ఈ టైపు కాదు' అంది. పిల్లవాడికి రెండూ ఒకేలా వినిపిస్తాయి, నా చేతిలో ఏమీ లేదని. పోనీ "నువ్వు తెలివైనోడివిరా" అని పొగడాలా అంటే, దానికీ ఇబ్బంది ఉంది. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు ఐదో తరగతి పిల్లల్లో కొందరి తెలివిని, కొందరి కష్టాన్ని మెచ్చుకుని చూశారు. తర్వాత గట్టి పజిల్స్ ఇచ్చి ఓడిస్తే, తెలివికి మెప్పు పొందినవాళ్లే ఎక్కువ డీలా పడ్డారు. మెచ్చుకోలుతోనే ర్యాంకులు వచ్చేస్తాయని నేను అనను, కానీ ఫోన్లో "మార్కులెన్ని" అనే ముందు "ఈ వారం ఏది దిద్దుకున్నావురా" అని అడగడం ఆయనకు కష్టమేమీ కాదు. రైతు కదా, నీళ్లెప్పుడు పెట్టావని అడగకుండా కాయ ఎంత దిగిందని ఎవరూ అడగరు.

"నేను వేస్ట్" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. వాడికి నిద్ర పడుతోందా, అన్నం తింటున్నాడా, స్నేహితుడంటూ ఒకడైనా ఉన్నాడా కనుక్కోండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అలాంటి మాట వినిపిస్తే మార్కులూ కాలేజీ అన్నీ ఆపి, ఆ రోజే ఇంటికి తెచ్చుకుని ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలిమానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. అలాంటిదేమీ లేకపోతే కాలేజీ ఇప్పుడే మార్చకండి, కొత్త చోట మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ముందు మీరు వెళ్లి కెమిస్ట్రీ లెక్చరర్‌ను కలవండి. మాటలు అర్థం కాకే వెనకబడ్డాడేమో అని చెప్పి, వారానికి రెండుసార్లు పది నిమిషాలు వాడు రాసిన కాగితం చూడమని అడగండి. నెలన్నర ఇలా చేసినా కదలిక లేకపోయినా, అడిగినందుకు అక్కడ వాణ్ణి చిన్నబుచ్చినా, అప్పుడు ఇంటి నుంచి బస్సులో పోయి వచ్చే కాలేజీ చూద్దాం.

ఐదు వేల సంగతి మీ ఆయనకు చెప్పేయండి. కోప్పడతారు. ఆ కోపం కాస్త చల్లారాక రిపోర్టు ఆయన చేతికిచ్చి, పిల్లవాడి ముందే చింపేయమనండి.