బయోడీజిల్ తయారీలో మిగిలే గ్లిజరిన్‌తో పారిశ్రామిక రసాయనాలు చేయవచ్చా? నా అనుభవం

చిన్న బయోడీజిల్ ప్లాంటులో అడుగున దిగే గోధుమరంగు గ్లిజరిన్ ట్యాంకుల్లో పేరుకుపోతోందని, దాన్ని కాల్చేయాలా, చౌకగా అమ్మేయాలా, లేక పెట్రోలియం నుంచి వచ్చే రసాయనాలకు బదులుగా దానితో ఏదైనా చేయవచ్చా అని మీరు అడిగారు. చేయవచ్చు. అయితే ఏ రసాయనం చేయాలో తేల్చుకునే ముందు మీ ట్యాంకులో అసలు ఏముందో తెలియాలి. ఇలాంటి ప్లాంటులోనే ప్రయోగశాల చూసుకున్న రోజుల్లో నేను ఈ వరుసను తలకిందులు చేసి దాదాపు రెండేళ్లు పోగొట్టుకున్నాను. మీకు ఆ నష్టం జరగకూడదని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా కాల్చడం గురించి. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. గ్లిజరిన్ బరువులో సగానికి పైగా ఆక్సిజనే. అందుకే దాన్ని మండిస్తే వచ్చే వేడి, అంతే బరువున్న బయోడీజిల్ ఇచ్చే వేడిలో సగం కూడా ఉండదు. మంట వేడి చాలకపోతే అక్రోలిన్ అనే విషవాయువు పుడుతుంది, కళ్లు భగ్గుమంటాయి. పైగా అందులోని ఉప్పు కొలిమి గోడలకు పట్టేస్తుంది. ఇంధనంగా చూస్తే దండగ అనిపించే ఆ ఆక్సిజన్ రసాయన తయారీలో చాలా విలువైనది. పెట్రోలియం నుంచి వచ్చే ప్రొపిలీన్‌కు ఆక్సిజన్‌ను ఖర్చు పెట్టి చేర్చాలి. గ్లిజరిన్‌లో మూడు కార్బన్లకు మూడు ఆక్సిజన్లు ముందే అమరి ఉంటాయి.

ప్రతి 100 కిలోల బయోడీజిల్‌కు సుమారు 10 కిలోల గ్లిజరిన్ వస్తుంది. నూనె అణువుకు వెన్నెముక అదే కాబట్టి ఎంత మెరుగైన పద్ధతి వాడినా రాక తప్పదు. చిక్కేమిటంటే అది ఒంటరిగా రాదు. మిగిలిపోయిన మిథనాల్, ఉత్ప్రేరకంగా వేసిన క్షారం, సబ్బు, నీరు అన్నీ ఆ పొరలోకే దిగుతాయి. ఆమ్లం పోస్తే సబ్బు విరిగి కొవ్వు ఆమ్లాలు పైకి తేలతాయి, క్షారం ఉప్పుగా మారి కింద ఉండిపోతుంది. మిథనాల్‌ను ఆవిరిగా తీసేశాక చేతికి వచ్చే ముడి గ్లిజరిన్ శుద్ధత సాధారణంగా 80 శాతం చుట్టుపక్కల ఉంటుంది. మిగతా 20 శాతమే నన్ను రెండేళ్లు తిప్పింది.

మేము ఎంచుకున్నది ప్రొపిలీన్ గ్లైకాల్, అంటే యాంటీఫ్రీజ్‌లో, రెజిన్ల తయారీలో వాడే ద్రవం. గ్లిజరిన్ నుంచి ఒక్క ఆక్సిజన్‌ను నీటి రూపంలో తీసేస్తే చాలు. రాగి ఉత్ప్రేరకం మీద, 200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల, హైడ్రోజన్‌తో జరిగే చర్య ఇది. ఈ మార్గం మీద చేసిన పనికే మిస్సోరి విశ్వవిద్యాలయానికి చెందిన గేలెన్ సప్పెస్‌కు 2006లో అమెరికా అధ్యక్ష హరిత రసాయనశాస్త్ర పురస్కారం వచ్చింది. లెక్క కూడా ఊరించేదే. 92 కిలోల గ్లిజరిన్‌కు 2 కిలోల హైడ్రోజన్ చాలు, గరిష్ఠంగా 76 కిలోల గ్లైకాల్ వస్తుంది, మిగతాది నీరు.

కొన్న శుద్ధ గ్లిజరిన్‌తో ప్రయోగశాలలో అంతా చక్కగా నడిచింది. మా ప్లాంటు గ్లిజరిన్‌ను స్వేదనం చేసి (ఆవిరిగా మార్చి, చల్లార్చి పట్టి) పోస్తే, కొన్ని రోజుల్లోనే ఉత్ప్రేరకం చురుకుదనం పోయింది. పని జరగాలని వేడి పెంచాను. దాంతో కార్బన్ బంధాలు తెగి, మాకు అక్కర్లేని ఇథిలీన్ గ్లైకాల్ ఎక్కువైంది, రెండింటినీ వేరుచేయడం ఇంకో పని అయింది. కారణం మేము పోసిన ఆమ్లంలోనే ఉందని చాలా ఆలస్యంగా గ్రహించాను. మేము వాడినది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, దానితో ఏర్పడే ఉప్పులో క్లోరైడ్ ఉంటుంది. క్లోరైడ్ తగిలితే రాగి సూక్ష్మకణాలు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవవుతాయి, చర్య జరగాల్సిన ఉపరితలం తగ్గిపోతుంది.

స్వేదనం చేసిన గ్లిజరిన్‌లోకి ఉప్పు ఎలా వచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆ వేడికి తానే చెడిపోవడం మొదలవుతుంది. అందుకే పీడనం బాగా తగ్గించి, తక్కువ వేడిలో ఆవిరి చేయాలి. మా ద్రవంలో సబ్బు మిగిలి ఉండటంతో నురగ లేచి, దానితో పాటు ఉప్పు తుంపర్లు పైకి కొట్టుకుపోయాయి. అడుగున మాత్రం ఉప్పు గట్టిపడి ముద్దలా మారి పంపు బిగుసుకుపోయింది. ఆ తర్వాత పద్ధతి మార్చాం. గ్లిజరిన్‌ను వెచ్చగా ఉంచి, ఆమ్లం పోసి, కొవ్వు ఆమ్లాలు పూర్తిగా తేలేదాకా ఆగి తీసేశాం. తర్వాతే తటస్థం చేసి, వడకట్టి, స్వేదనానికి పంపాం. నా మాటగా ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ ఆగడంలో తొందరపడకండి. మా విషయంలో రియాక్టర్ కంటే ఆ తేర్చే ట్యాంకే ముఖ్యమని తేలింది.

వీలైతే క్షారాన్ని కూడా మార్చండి. కాస్టిక్ సోడా బదులు పొటాషియం హైడ్రాక్సైడ్, హైడ్రోక్లోరిక్ బదులు ఫాస్ఫారిక్ ఆమ్లం వాడితే మిగిలే ఉప్పు పొటాషియం ఫాస్ఫేట్. అది ఎరువుగా పనికొస్తుంది. ఖర్చు పెరుగుతుంది, కానీ పారబోయాల్సిన ఉప్పు తగ్గుతుంది.

క్లోరైడ్ ఇబ్బంది పెట్టని దారి ఒకటుంది, ఎపిక్లోరోహైడ్రిన్. గట్టి జిగురుల్లో, పూతల్లో వాడే ఎపాక్సీ రెజిన్లకు ఇదే ముడిసరుకు. ఒకప్పుడు ఎపిక్లోరోహైడ్రిన్ నుంచే గ్లిజరిన్ తయారుచేసేవారు. బయోడీజిల్ వల్ల గ్లిజరిన్ చౌకయ్యాక దారి తిరగబడింది. సోల్వే సంస్థ ఫ్రాన్స్‌లోని తవోలో 2007లో గ్లిజరిన్ నుంచి దీన్ని తయారుచేయడం ప్రారంభించింది. ప్రొపిలీన్ మార్గంలో నాలుగు క్లోరిన్ పరమాణువులు వాడితే ఒక్కటే ఉత్పత్తిలో మిగులుతుంది. గ్లిజరిన్ మార్గంలో రెండు వాడితే ఒకటి మిగులుతుంది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. కానీ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, విషపూరితమైన ఉత్పత్తి, క్లోరిన్ కలిసిన వ్యర్థజలం చిన్న ప్లాంటు మోయగలిగినవి కావు. అలాంటి కర్మాగారానికి గ్లిజరిన్ సరఫరా చేయడం వరకు ఆలోచించవచ్చు.

సూక్ష్మజీవుల దారి గురించి కూడా అడిగారు. క్లోస్ట్రిడియం బ్యుటిరికమ్ వంటి బ్యాక్టీరియా గ్లిజరిన్‌ను తిని 1,3-ప్రొపేన్‌డయోల్ ఇస్తుంది, దానితో పాలిస్టర్ నారలు చేస్తారు. లోహ ఉత్ప్రేరకం కంటే ఇవి మలినాలను ఎక్కువే ఓర్చుకుంటాయి. కష్టమంతా చివర్లో ఉంటుంది. ఉత్పత్తి నీటిలో పలచగా ఉంటుంది కాబట్టి ఆ నీటిని తీసేయడానికి చాలా శక్తి కావాలి. అమెరికాలోని లౌడన్‌లో 2006లో మొదలైన పేరున్న ప్లాంటు ఇదే పదార్థాన్ని చేస్తుంది కానీ మొక్కజొన్న చక్కెర నుంచి, గ్లిజరిన్ నుంచి కాదు. దాని లెక్కలు చూసి మీ ఖర్చు అంచనా వేయకండి.

మీ స్థాయికి ముందుగా శుద్ధి మీదే డబ్బు పెట్టమంటాను. శుద్ధి చేసిన గ్లిజరిన్‌ను అలాగే కొనేవారు ఉంటారు, తర్వాత ఏ రసాయనం వైపు వెళ్లినా ఆ పరికరాలు పనికొస్తాయి. మొదటి పనిగా ఒక నమూనా పరీక్షకు పంపండి: గ్లిజరిన్ శాతం, బూడిద, మిథనాల్, నీరు, గ్లిజరిన్ కాని సేంద్రియ పదార్థం. ఏ క్షారం, ఏ ఆమ్లం వాడుతున్నారో కూడా కలిపి ఇక్కడ రాస్తే, స్వేదనానికి ముందు ఏం మార్చాలో చెప్పగలను.