పై ఫ్లాట్ గీజర్ మోత: పోలీసు కేసా, సివిల్ దావానా?

ప్రశ్న: మాది హైదరాబాద్ కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తులో సొంత ఫ్లాట్. పై ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లు రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు గీజర్ వేస్తారు. కాసేపటికే టకటకమని మొదలై, మధ్యమధ్యలో గోడకు సుత్తి పెట్టి కొట్టినట్టు చప్పుడు. ఆ గోడ పక్కనే మా అమ్మ మంచం. ఆమెకు ఈమధ్యే గుండె ఆపరేషన్ అయింది. అడిగితే "మా బాత్రూమ్, మా గీజర్, మీకేంటి?" అన్నారు. అసోసియేషన్ ప్రెసిడెంట్ "మీరూ మీరూ చూసుకోండి" అంటున్నారు. పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చా? మెయింటెనెన్స్ కట్టడం ఆపేయొచ్చా?

జవాబు: మెయింటెనెన్స్ మాత్రం ఆపకండి. ఆపితే రేపు మీరే బాకీదారు అవుతారు, అసలు సమస్య పక్కకు పోతుంది. కోపంలో టెర్రస్ మీద వాళ్ల నీళ్ల వాల్వ్ కట్టేయించడం లాంటివి కూడా వద్దు.

"మా బాత్రూమ్, మా గీజర్" అన్న మాట చట్టం ముందు నిలవదు. ఎవరి ఇంట్లో వాళ్లు చేసే చప్పుడైనా హద్దు దాటి పక్కవాళ్లను బాధపెడితే, అలా చేసే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 2005లో శబ్ద కాలుష్యంపై ఇచ్చిన తీర్పులో స్పష్టంగా చెప్పింది. ఇంట్లో ప్రశాంతంగా ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందకు వస్తుంది. మీ అమ్మగారి నిద్ర చిన్న విషయమని ఎవరన్నా ఒప్పుకోవద్దు.

అయితే పోలీసు స్టేషన్ దీనికి సరైన చోటు కాదు. భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ చెప్పే న్యూసెన్స్ ప్రజలకో, చుట్టుపక్కల జనానికో కలిగేది. ఒక్క ఇంటికి కలిగే ఇబ్బందిని ప్రైవేట్ న్యూసెన్స్ అంటారు, దానికి దారి సివిల్ కోర్టు. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్, పగలు 55. నాలుగున్నర అంటే రాత్రి కిందే లెక్క. కానీ ఈ కొలత పరిసరాల మోతకు పెట్టినది. గోడ లోపలి నుంచి వచ్చే టకటకను దాంతో నిరూపించడం కష్టం. ఫోన్‌లో డెసిబెల్ యాప్ చూపించి కేసు గెలుస్తామనుకోకండి.

కాగితం పట్టుకునే ముందు మోత ఎక్కడిదో తేల్చండి. నేను చూసిన ఇలాంటి తగాదాల్లో ఎక్కువ భాగం అక్కడే తేలిపోయాయి. ఒకసారి ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, మెకానిక్‌తో గీజర్ విప్పించాం. కాయిల్ కనిపించనంతగా తెల్లగా పేరుకుపోయి ఉంది. బకెట్‌లో దులిపితే సున్నపు పెచ్చులు గుప్పెళ్లకొద్దీ రాలాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది మామూలే. ఆ పెచ్చుల కింద చిక్కుకున్న నీళ్లు మరిగి పొంగుతుంటే వచ్చేదే ఆ టకటక. శుభ్రం చేయిస్తే చాలావరకు పోతుంది. సుత్తి దెబ్బలాంటి చప్పుడు మాత్రం వేరు కావచ్చు: కుళాయి గబుక్కున కట్టేసినప్పుడు పైపులో నీళ్లు కొట్టుకోవడమో, క్లాంపు వదులవడమో, టెర్రస్ మీద ప్రెజర్ పంపో. కామన్ పైపు, పంపు అయితే బాధ్యత అసోసియేషన్‌ది, అప్పుడు ప్రెసిడెంట్ చేతులు దులుపుకోలేరు. బిల్డింగ్ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కిందకు వచ్చి, మీకు అప్పగించి ఐదేళ్లు దాటకపోతే, పైపుల పనిలో లోపానికి ఆ చట్టం 14(3) సెక్షన్ కింద బిల్డర్‌ను కూడా అడగవచ్చు. మెకానిక్ రాగానే సేఫ్టీ వాల్వ్ కూడా చూపించండి. బొట్లు కారుతోందని దాన్ని మూసేస్తే ట్యాంకు పేలే ప్రమాదం ఉంది.

ఈ పని మొత్తానికి ముందే ఆధారం సిద్ధం చేసుకోవాలి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, మొదలైన టైమ్, ఆగిన టైమ్ రోజూ రాయండి. గోడ గడియారం కూడా కనిపించేలా రెండు మూడు వీడియోలు తీయండి. అవి తీసిన ఫోన్‌ను మార్చకండి, అమ్మకండి. కోర్టులో వీడియో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి.

ఇక్కడ మీ అమ్మగారి ఆరోగ్యం గురించి ఒక మాట. కేసంతా ఆమె గుండె ఆపరేషన్ మీద నిలబెట్టకండి. ఆ గదిలో ఎవరు పడుకున్నా నిద్ర చెడేంత మోతా, లేక జబ్బు మనిషికి మాత్రమే ఇబ్బందా అని కోర్టు చూస్తుంది. అందుకే కొన్ని రాత్రులు మీరు ఆ గదిలో పడుకోండి, వీలైతే ఒక బంధువునూ పడుకోబెట్టండి. వాళ్ల మాట కేసుకు బలం. డాక్టర్ కాగితం దానికి తోడు మాత్రమే.

తర్వాత రాతపూర్వకంగా అడగండి. అసోసియేషన్‌కు ఒక లెటర్ ఇచ్చి, రసీదు సంతకం తీసుకోండి. పై ఫ్లాట్‌వాళ్లకు మర్యాదగా ఒక లెటర్ రాయండి: గీజర్ సర్వీసింగ్ చేయించమని, అప్పటిదాకా ఆరు తర్వాత వేయమని. ఖర్చులో సగం మీరు పెట్టుకుంటామన్నా నాకు అభ్యంతరం లేదు. దావా ఖర్చుతో పోలిస్తే అది ఎంతో తక్కువ. లోపం ఉందని తెలిసీ పట్టించుకోలేదని చూపించడానికి ఈ లెటర్లే పనికొస్తాయి.

అప్పటికీ కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ అర్జీ, అంటే దావా వేయకముందే రాజీ కోసం ఇచ్చే అర్జీ, పెట్టండి. కోర్టు ఫీజు లేదు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది కాబట్టి అర్జీ అమ్మగారి పేరుతో వేయవచ్చు. అక్కడ రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు వస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, అప్పీలు ఉండదు. రాజీ కుదరకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా, అంటే మోత ఆపమని ఉత్తర్వు కోరే దావా, వేసి, దాంతోపాటే తాత్కాలిక ఉత్తర్వు అడగాలి. కోర్టుకు అవసరమనిపిస్తే అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే తాను నియమించిన లాయర్‌ను, పంపి గదిని పరిశీలింపజేస్తుంది.

లీగల్ నోటీసైనా, దావా అయినా అద్దెకున్నవాళ్లతో పాటు ఆ ఫ్లాట్ ఓనర్‌ను కూడా కలపండి, ఓనర్ వేరే ఊళ్లో ఉంటే స్పీడ్ పోస్ట్‌లో పంపండి. అద్దెవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా, ఓనర్ పెట్టించిన గీజర్ అయితే అదే గోడకు ఉంటుంది.