ట్రాక్ సైకిల్‌పై వంగితే ఊపిరి ఎందుకు అందదు?

రోడ్డు సైకిల్‌పై గంటసేపు హాయిగా తొక్కేవారు ట్రాక్ సైకిల్ (వాలు ట్రాక్‌పై పందేల కోసం చేసిన సైకిల్) ఎక్కిన నాలుగు రౌండ్లకే రొప్పుతుంటే, నేనైతే ముందు హ్యాండిల్ ఎత్తును అనుమానిస్తాను.

ట్రాక్ సైకిల్ హ్యాండిల్ బాగా కిందికి ఉంటుంది. నడుము వంచి పట్టుకుంటే, పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ తొడ పొట్టను నొక్కుతుంది. గాలి పీల్చేటప్పుడు డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర, కిందికి దిగాలి. పొట్టలో చోటు లేకపోతే ఎక్కడికి దిగుతుంది? భుజాలు ఎగరేస్తూ పైపైన పీల్చడమే మిగులుతుంది. పైగా ఫిక్స్‌డ్ గేరు (చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది) కాబట్టి కాళ్లు ఆపి తేరుకునే వీలు లేదు.

సైకిల్‌ను రోలర్లపై (ఉన్నచోటే తొక్కేందుకు చక్రాల కింద తిరిగే గొట్టాలు) పెట్టి, అదే వేగంతో ఒకసారి హ్యాండిల్ పైభాగాన్ని, ఒకసారి కింది వంపును పట్టుకుని తొక్కండి. పైన పట్టుకున్నప్పుడు ఊపిరి తేలికైతే, తప్పు చాలావరకు ఫిట్‌దే, అంటే సైకిల్ కొలతలు మీ ఒంటికి కుదరకపోవడమే. స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క) కింద స్పేసర్ అనే రింగు వేసి హ్యాండిల్‌ను ఒకటి రెండు సెంటీమీటర్లు లేపండి. 170 మిల్లీమీటర్ల క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) బదులు 165 వేయండి. అయిదే కదా అనుకోవద్దు: పెడల్ పైస్థానం 5 తగ్గుతుంది, కిందిస్థానం 5 పైకొస్తుంది కాబట్టి సీటు మరో 5 పెంచుతారు, తొడకూ పొట్టకూ మధ్య 10 మిల్లీమీటర్ల తేడా వస్తుంది.

అలాగని వంగడమే నేరం కాదు. స్కాట్లాండ్ సైక్లిస్ట్ గ్రేమ్ ఓబ్రీ 1993లో చేతులు ఛాతీ కింద మడుచుకుని గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కాడు. శరీరాన్ని అలవాటు చేయాలి, అంతే.

అయితే తొక్కడం ఆపిన కొన్ని నిమిషాలకు దగ్గు, పిల్లికూతలు మొదలైతే అది వ్యాయామంతో వచ్చే ఆస్తమా కావచ్చు. అప్పుడు స్పానర్ పక్కన పెట్టి, డాక్టరు దగ్గర స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) చేయించుకోండి.